ఒక్క గడి ఎడం

మా ఆయన సోఫాలో ఒకచోట కుదురుగా కూర్చోలేరు. పెళ్ళైన నాలుగో రోజునే కనిపెట్టేశాను.

సాయంత్రం పని నుంచి రాగానే చేతులు కడుక్కుంటారు. అరచేతికి కాస్త పెద్దదిగా ఉండే ఆ ఆటల మిషన్ పట్టుకుని సోఫాకి ఎడమ కొసన కూర్చుంటారు. రెండు నిమిషాలు టిక్కుటిక్కుమని మీటలు నొక్కుతారు. లేస్తారు. కిటికీలోంచి కాసేపు బయటికి చూస్తారు. తిరిగొచ్చి ఈసారి కుడి కొసన కూర్చుంటారు. మళ్ళీ టిక్కుటిక్కు. మళ్ళీ లేవడం, కిటికీ, ఎడమ కొస.

"సోఫాలో నల్లులున్నాయా ఏంటండీ?" అనడిగాను.

"లేవే. అలవాటు" అన్నారు, చెవులు ఎర్రబడుతుండగా.

ఆ చెవులు చూసి ఎంత ముచ్చటేసిందో! వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, మీ అల్లుడికి కాలు ఒక్కచోట నిలవదే."

"నిలిచేవాణ్ణి తెస్తే ఏం చేసుకుంటావే, బీరువా పక్కన పెట్టుకుంటావా?" అంది అమ్మ.

ఆ రోజుల్లో నాకు అన్నీ ముచ్చటగానే ఉండేవి. వంటగది కొళాయి తిప్పితే చివర్లో సన్నగా పాడుతుంది. గోడకున్న ఒకే కొక్కేనికి రెండు తాళంచెవులు, ఒకటి ఆయనది, ఒకటి నాది. లిఫ్టులు బాగుచేసే మనిషి లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తులో కాపురం పెట్టడం నాకు రోజూ కొత్తగా నవ్వు తెప్పించేది. మెట్ల మీద ఆయన అడుగులు మూడో అంతస్తు దగ్గర ఒక్క క్షణం ఆగుతాయి, ఊపిరి తీసుకోవడానికి. నేను ఆ క్షణంలోనే తలుపు గడియ తీసేదాన్ని.

ఒక ఆదివారం ఆ మిషన్ సంగతి చెప్పమని కూర్చున్నాను. కంపెనీవాళ్ళు వాళ్ళ ఆటలకే పరిమితం చేసి అమ్మారట. ఈయన కాలేజీ రోజుల్లో లోపలి తాళం విప్పి, సొంతంగా రాసుకున్న మెనూ ఎక్కించారు. అందులో ఎప్పుడో మూలపడ్డ పాత మిషన్ల ఆటలు వందల్లో ఉన్నాయి, చిన్నప్పుడు సగంలో ఆపినవి కూడా ఆపిన చోటు నుంచే.

"ఆ మిషన్లే లేకపోతే ఆటలు ఎలా ఆడతాయి?"

"ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రాము ఉంటుంది. అది అచ్చం పాత మిషన్‌లా నటిస్తుంది. ఆట పాపం నమ్మేస్తుంది. తను పుట్టింట్లోనే ఉన్నాననుకుంటుంది."

"అంటే మోసమేగా!"

"మోసమే. కానీ దానికేం లోటు రానివ్వదు" అన్నారు నవ్వుతూ.

ఇంకో వింత కూడా చూపించారు. ఆటలో తప్పటడుగు పడితే వెనక్కి తిప్పే మీట ఉంది. నొక్కి పట్టుకుంటే చచ్చిన కప్ప కూడా లేచి వెనక్కి గెంతుతుంది. కాకపోతే మిషన్ ఆపేశామంటే ఇంక వెనక్కి వెళ్ళలేం. కప్ప ఆట నాకు తెగ నచ్చేసింది. ఆయన రోజూ ఆడే రైలు ఆట మాత్రం, "అదొద్దులే, పరమ బోరు" అని మెనూలో గబగబా దాటించేశారు.

పెళ్ళై నెల తిరక్కుండానే వేరే ఊళ్ళో కొత్త ఆసుపత్రికి మూడు లిఫ్టులు బిగించే పని తగిలింది. పదకొండు రోజులు.

"మిషన్ తీసుకెళ్ళరా?"

"అక్కడ సోఫా ఉండదుగా" అన్నారు బూట్లు వేసుకుంటూ. నేను పకపకా నవ్వాను. ఆయనా నవ్వారు గానీ నా అంత కాదు.

ఆయన లేని ఇల్లు మొదటి రెండు రోజులూ బాగానే ఉంది. కప్పులన్నీ తోమాను, అలమారులో పాత పేపర్లు తీసి కొత్తవి పరిచాను. మూడో రోజు నుంచి ఆ కొళాయి పాట నాకు ఒక్కదానికే వినపడుతోందని తోచింది. ఎవరికైనా చెబుదామంటే ఎవరూ లేరు. ఫోన్ చేస్తే ఆయన లిఫ్టు గుంతలో ఉంటారు, మాట సగం తెగుతుంది. "తిన్నావా" అన్నది వినపడుతుంది, నేను తిన్నది ఏంటో ఆయనకి వినపడదు. మధ్యాహ్నాలు మరీ పొడుగు. మెట్ల మీద ఎవరి అడుగులో వస్తాయి, మూడో అంతస్తులో ఆగకుండా పైకి పోతాయి.

ఆరో రోజు మధ్యాహ్నం కప్ప మొహం మొత్తి, రైలు ఆట తెరిచాను.

పరాయి భాష ఆటట, అక్షరాలన్నీ ఆయనే తెలుగులోకి మార్చుకున్నారని మొదట్లోనే రాసి ఉంది. చుక్కలు చుక్కలుగా, బుజ్జి బుజ్జి అక్షరాలు. మంచు మైదానం. రెండు కొసల నుంచి ఇద్దరు ఇంజనీర్లు ఒకరికోసం ఒకరు పట్టాలు వేసుకుంటూ రావాలి. ఒక్కో వంతుకి పది ముక్కలు వేయొచ్చు, లేదా వేసినవి పీకొచ్చు. ఒకరు వేసేటప్పుడు రెండోవాళ్ళు చూడకూడదు. అవతలివాళ్ళు ఎటు వస్తారో ఊహించి వేసుకోవాలి. మిషన్ ఒక్కటే కాబట్టి వంతు అవగానే చేతులు మార్చుకోవాలి.

తెర నిండా పట్టాలే. రెండు దార్లు కొండల చుట్టూ, చెరువుల చుట్టూ మెలికలు తిరిగి, ఒకదాని పక్క నుంచి ఒకటి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి, అబ్బ, ఎంత తంటాలు పడ్డారో! కింద చిన్న అక్షరాల్లో: మొదటి ఇంజనీరు, అక్క. రెండో ఇంజనీరు, నేను. వంతు, 4112.

కుడి పక్కన ఒక కొండ కింద చూస్తే రెండు దార్లకీ మధ్య ఒక్క గడి ఎడం. ఒకే ఒక్క గడి!

అయ్యో పిచ్చి మహరాజా, అనుకున్నాను. నాలుగు వేల వంతులు ఆడి ఇది కనిపెట్టలేదా? పోగొట్టుకున్న కళ్ళజోడు నెత్తిమీదే ఉన్నట్టుంది వ్యవహారం. నాకు నవ్వాగలేదు. వచ్చేసరికి బహుమతిలా ఉంటుంది అని, ఒక్క ముక్క తీసుకుని ఆ గడిలో పెట్టాను.

రెండు వైపుల నుంచీ రెండు రైళ్ళు వచ్చాయి. కొండ కింద ఎదురుపడి కూత వేశాయి, రెండుసార్లు. తెర మీద జెండాలు. "దారి కలిసింది. ఇద్దరికీ సెలవు." ఖాళీ గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. చార్జింగు అయిపోతుందని మిషన్ ఆపేసి, ఆయనకి ఫోన్ చేసి, "మీకోసం ఒకటి చేసిపెట్టాను, వచ్చాక చూద్దురుగాని" అని ఊరించాను కూడా.

సాయంత్రం ఆ జెండాలు ఇంకోసారి చూద్దామని తెరిస్తే మైదానం తెల్లగా ఉంది. కొండలు లేవు, చెరువులు లేవు, పట్టాలు లేవు. "కొత్త ఆట. పేర్లు రాయండి." నియమాల పేజీ వెతికి చదివాను. చివరి వాక్యం: దార్లు కలిస్తే ఆట ముగుస్తుంది, మైదానం చెరిగిపోతుంది.

వెనక్కి తిప్పే మీట నొక్కి పట్టుకున్నాను. వేలు నొప్పి పుట్టేదాకా. తెల్లటి మైదానం తెల్లగానే ఉంది.

అక్క అంటే మా వదినే. పెళ్ళికి ఉదయం వచ్చి, నన్ను గట్టిగా కావలించుకుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంది. ఇద్దరూ కలిసి ఆడారు కదా, తన దగ్గర ఒక కాపీ ఉంటుందని నా ఆశ. మర్నాడు దుకాణం తెరిచే వేళకి ఫోన్ చేశాను.

"వదినా, నేను."

"నేనంటే? ఓ, మరదలు పిల్లా! చెప్పు చెప్పు. ఎడమ కన్ను మూసుకోండి. నిన్ను కాదమ్మా."

"రైలు ఆట గుర్తుందా వదినా? మంచు మైదానం, ఇద్దరు ఇంజనీర్లు. దాని కాపీ మీ దగ్గరుందేమోనని."

"అదా! వాడింకా దాచాడా దాన్ని?" పెద్దగా నవ్వింది. "నేను సోఫాకి కుడి కొసన, వాడు ఎడమ కొసన. నా వంతు వచ్చినప్పుడల్లా, చూడకురా, కిటికీలోకి చూడు అని అరిచేదాన్ని. అయినా దొంగచూపులు చూసేవాడు వెధవ. ఏమండీ, అది ఆరు కాదు, మళ్ళీ చదవండి."

సోఫా, రెండు కొసలు, కిటికీ. తల తిప్పి మా సోఫావైపు చూశాను.

"ఎన్నాళ్ళు ఆడారు వదినా?"

"ఎన్నాళ్ళో ఏంటి, ఒక్క వేసవి సెలవులు. ఆ తర్వాత నేను హాస్టలుకి వెళ్ళిపోయాగా. మహా అయితే నలభై వంతులు ఆడుంటాం."

"నాలుగు వేల నూట పన్నెండు ఉన్నాయి."

అవతల ఎవరో పెద్దాయన గొంతు, "మేడమ్, రెండో కన్ను కూడా మూసుకోనా?" అని అడగడం వినపడింది.

"నేను ఆడలేదే" అంది వదిన. "పద్నాలుగేళ్ళయింది నేను దాన్ని ముట్టుకుని. వారానికోసారి ఫోన్ చేస్తాడు. ఏం చేస్తున్నావక్కా అంటాడు. జనం ఉన్నార్రా అంటాను. సరే అని పెట్టేస్తాడు. నిజంగా జనం ఉంటారు మరి."

ఆ ఒక్క గడి ఆయనకి కనపడక కాదు. రెండు వైపులా ఆయనే వేస్తుంటే కనపడకుండా ఎలా ఉంటుంది? దగ్గరకి తెచ్చి, పీకి, పక్కకి తిప్పి, మళ్ళీ దగ్గరకి తెచ్చి, అక్క ఆడితే ఎటు వేస్తుందో అటు వేసి... కలిస్తే అయిపోతుంది కాబట్టి.

"వాడితో నేను మాట్లాడనా?" అంది వదిన.

"వద్దు. పాడు చేసింది నేను, నేనే చెబుతా."

"ఏమని చెబుతావే?"

"తెలీదు వదినా."

తర్వాతి నాలుగు రోజులూ ఆ మాట కోసమే వెతుక్కున్నాను. ఒక మధ్యాహ్నం ఎడమ కొసన కూర్చుని చూశాను. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురు బిల్డింగు గోడ, దాని మీద తుప్పు మరక, ఒక పైపు. చూడటానికి అక్కడ ఏమీ లేదు. చూడకుండా ఉండటానికే ఆ కిటికీ. తిరిగి చూస్తే కుడి కొస ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చుంటే ఎడమ కొస ఖాళీ. ఈ మనిషి రోజూ ఈ నాలుగడుగులూ నడిచారు. నేను వచ్చాక కూడా నడిచారు. నేను పక్కనే కూర్చుని నల్లులా అని నవ్వాను.

పదకొండో రోజు సాయంత్రం అడుగులు మూడో అంతస్తులో ఆగాయి. గడియ తీశాను. ఆయన గ్రీజు వాసనతో, సంచితో గుమ్మంలో నిలబడి, "ఏదీ నా బహుమతి?" అన్నారు.

"రైలు కలిపేశానండీ."

ఒక బూటు విప్పారు. రెండోది విప్పకుండా గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నారు. "ఎక్కడ?"

"కుడి పక్కన, కొండ కింద. ఒక్క గడి ఎడం ఉంది. మీకు కనపళ్ళేదేమో అనుకుని..."

"కనపడింది."

"తెలుసు. వదినకి ఫోన్ చేశాను. మైదానం చెరిగిపోతుందని తెలీదండీ. నిజంగా తెలీదు."

ఆయన నన్ను తిడితే బాగుండుననిపించింది. నేల మీద ఉన్న ఒంటి బూటుని సరిగ్గా జరిపి పెట్టారు.

"కూత వేసిందా?"

"వేసింది. రెండుసార్లు."

"నేనెప్పుడూ వినలేదు" అన్నారు. "ఎలా ఉంది?"

నేను నోటితో కూత వేసి చూపించాను. సన్నగా, మా కొళాయి పాటలా వచ్చింది. ఆయన పెదవి ఒక్కసారి కదిలింది. తర్వాత రెండో బూటు విప్పారు.

రెండు రోజులు మిషన్ ముట్టుకోలేదు. సాయంత్రాలు ఎడమ కొసన కూర్చుని కదలకుండా ఉండిపోయారు. మనిషి కుదురుగా కూర్చుంటే ఇంత బెంగగా ఉంటుందని నాకు తెలీదు. మా మధ్య సోఫా అంతా ఉంది. నేను కబుర్లు చెబితే ఊఁ కొట్టారు, నా కూరకి వంక పెట్టలేదు, దేనికీ వంక పెట్టలేదు.

మూడో రోజు నేను కుడి కొసన కూర్చుని తువాళ్ళు మడతపెడుతున్నాను. ఆయన మిషన్ తీశారు. తెల్లటి మైదానం నాకు కనపడుతోంది. మొదటి ఇంజనీరు పేరు దగ్గర చాలాసేపు ఆగారు. ఏమీ రాయకుండా దాటేశారు. రెండోదాని దగ్గర "నేను" అని రాశారు. తెర మీద అక్షరాలు వచ్చాయి: మొదటి ఇంజనీరుకి ఇవ్వండి. మీరు చూడకండి.

లేచారు. కిటికీ దాకా వెళ్ళారు, గోడవైపు చూశారు, అలవాటుగా కుడి కొసకి తిరిగారు. అక్కడ నేనున్నాను. నా ఒళ్ళో తువాళ్ళు.

గది మధ్యలో నిలబడిపోయారు. కూర్చోవడానికి చోటు లేనట్టు, ఎవరింటికో వచ్చినట్టు. నేను లేవాలా వద్దా తెలియలేదు. లేస్తే ఆ చోటు మళ్ళీ ఆయనకి దొరుకుతుంది. అలాగే కూర్చున్నాను.

చివరికి మిషన్ నా ముందుకి చాపారు. ఆయన చేతి వేడి ఇంకా దానికి ఉంది.

"ఎటు వేయాలండీ?"

"నన్నడక్కూడదు" అన్నారు.

"అయితే చూడకండి. కిటికీలోకి చూడండి."

ఆ మాటకి ఆయన నావైపు ఒక్కసారి, మరెవరినో వెతుకుతున్నట్టు చూసి, చప్పున కిటికీకేసి తిరిగారు.

పది ముక్కలు వేశాను. ఎటు వేశానో నాకే తెలీదు. ఆయన ఎటు వస్తారో ఊహించడానికి ప్రయత్నించాను. ఈ మనిషి గురించి నాకు తెలిసింది నెలన్నర అంత. మొదటి ఇంజనీరు పేరు దగ్గర గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నేనూ అక్కడ ఏమీ రాయలేదు.

"అయిపోయిందండీ" అన్నాను.

ఆయన వెంటనే తిరగలేదు. ఎదురుగోడ మీద తుప్పు మరకని చూస్తూ నిలబడ్డారు. నేను మళ్ళీ పిలవలేదు. మిషన్ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాను.