నాలుగు వేళ్ల మడత

మా ఆవిడ పిల్లల బట్టలు కుట్టేది. నేను బీమా ఆఫీసులో పగలంతా ఫైళ్లు చూసి, సాయంత్రం ఆమె పక్కన కూర్చుని హెమ్మింగ్ చేసేవాణ్ణి. డిగ్రీ చదివిన మొగుడు గుండీలు కుడుతున్నాడని వీధిలో నవ్వుకునేవారు. ఆవిడ మాత్రం, "నవ్వనివ్వండి, మీరు కుడుతున్నవి వాళ్ల పిల్లల గుండీలేగా," అనేది.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. మిషన్ నాకు మిగిలింది. దానితోపాటు ఆవిడ పెట్టిన చట్టం ఒకటి మిగిలింది. పిల్లల గౌను ఏదైనా సరే, కింద నాలుగు వేళ్ల మడత లోపలికి వదలాలి. పిల్ల పొడుగైతే కుట్టు విప్పి దించుకోవచ్చు. ఆ మడత లేకుండా కుడితే పిల్ల ఎదగదని మనమే చెప్పినట్టవుతుందనేది. కుట్టుపని నాకు వచ్చిందే ఆవిడ దగ్గర కాబట్టి ఈ చట్టాన్ని నేనెప్పుడూ ప్రశ్నించలేదు.

ఆవిడ చెల్లెలి కూతురు, నాకూ అమ్మాయే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. మందుల షాపులో కౌంటరు దగ్గర పని. అల్లుడు బస్సు నడుపుతాడు. వాళ్ల ఒక్కగానొక్క పిల్లకి ఆరేళ్లు. కూర్చున్నచోటి నుంచే అందరికీ పనులు పురమాయిస్తుంది కాబట్టి మేమంతా ఆమెను మేనేజరు అంటాం. మేనేజరు ఎత్తు మూడేళ్ల పిల్లంత. లక్షల్లో ఒకరికి వచ్చే ఎముకల జబ్బు అది. భుజాలు, నడుము వయసుకు తగ్గట్టే ఉంటాయి, కాళ్లూ చేతులూ మాత్రం ఏడాదికి గోరంత సాగుతాయి. "తన లెక్కలో తను ఎదుగుతుంది. ఎంత అని నేను మాటివ్వలేను," అన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆయన కుర్చీలోంచి అనలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, పిల్ల బొమ్మకి కట్టు కడుతూ అన్నారు. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు.

అల్లుడికి పొద్దున డ్యూటీ ఉన్న వారాల్లో వాళ్లతో ఆసుపత్రికి నేను వెళ్తాను. నేను చేసేదల్లా టోకెన్ పట్టుకోవడం, మంచినీళ్ల సీసా మోయడం. ఎక్స్‌రే గదిలో ఒకామె ఉంది. పిల్లను ముట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. ఎవరూ చెప్పకుండానే చేస్తుంది. ఇంటికొచ్చాక నాకు గుర్తుండేది ఆ చేతులే.

బట్టలు నా వంతు. కొట్లో మూడేళ్ల సైజు కొంటే భుజాల దగ్గర పట్టదు. ఆరేళ్ల సైజు కొంటే నేల ఊడుస్తుంది. పైగా చిన్న సైజుల మీద బాతుపిల్లలూ పాలసీసాలూ ఉంటాయి. "నేనేమన్నా పసిపిల్లనా?" అంటుంది మేనేజరు. మూడేళ్లుగా ఆమె గౌన్లన్నీ నేనే కుడుతున్నాను.

ఈసారి కుట్టాల్సింది స్కూలు యూనిఫాం. సోమవారం నుంచి ఒకటో తరగతి. నీలం గుడ్డ తెచ్చి వారమంతా కూర్చుని కుట్టాను. శనివారం మధ్యాహ్నం తీసుకెళ్లి తొడిగాం.

అద్దం ముందు ఒకసారి గిరగిరా తిరిగింది. కింద అంచు బిరుసుగా చుట్టూ లేచి నిలబడింది.

"తాతయ్యా, నాకు గౌను కావాలన్నాను. గొడుగు కుట్టావేంటి?"

నాకు నవ్వొచ్చింది. మా అమ్మాయికి రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని అంచు తిరగేసింది. జానెడు పొడుగు పావడాకి నాలుగు వేళ్ల మడత.

"ఇది ఎవరికోసం పెదనాన్నా?"

"పొడుగైతే విప్పుకోవచ్చని..."

"మూడేళ్ల నుంచి కుడుతున్నావు. ఒక్కటన్నా విప్పామా?" గొంతు పెంచలేదు. "ఉతికిన ప్రతిసారీ ఆ మడత చేతికి తగులుతుంది. బట్టంతా ఆరినా అదొక్కటే తడిగా ఉంటుంది. దాన్ని పిండుకుంటూ నిలబడతాను నేను."

ప్రేమ అనుకుని వదిలిన గుడ్డ, అమ్మాయి చేతికి వారం వారం ఏం చెబుతోందో నాకెప్పుడూ తట్టలేదు.

"ఈ ఏడు స్కూలు వద్దులే," అంది అమ్మాయి, గౌను గుండీలు విప్పుతూ. "గొడుగేసుకుని వెళ్తే అక్కడ పిల్లలు ఊరుకుంటారా? వచ్చే ఏడు చూద్దాం."

"నేను బ్యాగు సర్దేసుకున్నాను," అంది మేనేజరు. "పెన్సిళ్లు కూడా చెక్కేశాను. నువ్వు కావాలంటే ఇంట్లో ఉండు."

గౌను మడిచి చంకలో పెట్టుకున్నాను. "ఆదివారం సాయంత్రం దాకా నాకు టైమివ్వమ్మా. అప్పటికీ నచ్చకపోతే నీ ఇష్టం," అన్నాను.

ఇంటికొచ్చి కుట్టు విప్పి, గుడ్డ దించి, సుద్దముక్కతో గీత గీశాను. మా ఆవిడ కత్తెర తీసుకుని కూడా చాలాసేపు అలాగే కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఆవిడ మాట దాటలేదు. చివరికి నాకు తట్టిందేమిటంటే, ఆవిడే ఇక్కడుంటే అమ్మాయి ఆ మాట అనేదాకా ఊరుకునేది కాదు, మొదటి ఏడే కోసేసేది. ఆవిడ చూసేది పిల్లని. చట్టాన్ని చూసింది నేను.

కోశాను. సన్నగా దారమంత అంచు మడిచి కుట్టాను. పొడుగాటి గుడ్డ ముక్క మిగిలింది. దాంతో రెండు జేబులు కుట్టాను, ఆమె చేతులు అందేలా కాస్త పైకి.

ఆదివారం తొడిగితే గౌను ఒంటికి అతికినట్టు కూర్చుంది. మేనేజరు జేబుల్లో చేతులు పెట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, తనిఖీకి వచ్చినట్టు. అమ్మాయి అంచు మీద వేలు పోనిచ్చి చూసింది. లోపల ఏమీ తగల్లేదు.

"రేపు ఎనిమిదింటికల్లా రా పెదనాన్నా. ఆయనా వస్తారు, ముగ్గురం వెళ్లి దింపొద్దాం," అంది.

మొదటిరోజు స్కూల్లో చేతులు కడుక్కునే కుళాయి ఆమెకి అందలేదు. రెండోరోజు దానికింద ఒక ముక్కాలిపీట ఉంది. ఎవరు వేశారని ఆయాని అడిగితే, "ఏమో సార్, పొద్దున్నుంచీ ఉంది," అని గేటు వైపు చూస్తూ నవ్వింది. నేనింక అడగలేదు. చేతులెత్తి ఒక దణ్ణం పెట్టి వచ్చేశాను.

పది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం మేనేజరు యూనిఫాంలోనే మా గుమ్మంలో నిలబడింది. వెనక వాళ్లమ్మ.

"తాతయ్యా, నువ్వు సరిగ్గా కుట్టలేదు. పొట్టయిపోయింది. మోకాళ్లు కనబడుతున్నాయి."

ఉతుకుల్లో కుంచించుకుపోయిందేమో అనుకుని టేపు తీసి గౌను కొలిచాను. కొలతల పుస్తకంలో రాసుకున్నంతే ఉంది. మళ్లీ కొలిచాను. అంతే ఉంది. అప్పుడు పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి కొలిచాను. పుస్తకంలో పాత అంకె చూసి ఇంకోసారి కొలిచాను.

తలెత్తితే అమ్మాయి నా మొహమే చూస్తోంది.

"ఎంతొచ్చింది?"

"ఒక వేలి వెడల్పు పెరిగింది, కాస్త ఎక్కువే."

"నాకూ అంతే వచ్చింది. మూడుసార్లు కొలిచాను. నా చేతి మీద నాకు నమ్మకం లేక నీ దగ్గరకి తీసుకొచ్చాను." గుమ్మంలోనే చతికిలబడింది.

"విప్పి దించుదామంటే మడత లేదు కదమ్మా," అన్నాను.

అమ్మాయి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. వాళ్ల పెద్దమ్మ నవ్వే అది, ముక్కు ముందు కదులుతుంది. ఇన్నాళ్లూ నేను గమనించలేదు.

"కొత్తది కుట్టు పెదనాన్నా. ఈసారి మడత వదులు. నాలుగు వేళ్లు వద్దు, ఒక్క వేలు చాలు."

నేను నీలం గుడ్డ పరిచి సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నాను. మేనేజరు స్టూలెక్కి బల్ల మీద మోచేతులు ఆనించింది.

"ముందు జేబులు కుట్టు. తర్వాత మిగతాది చూద్దాం."