కోర్టు తలుపు రెండో రెక్క

వరద కోర్టు మెట్లెక్కిన ఏడాది జరిగిన సంగతి ఇది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేసరికి కోర్టు పెద్ద తలుపు రెక్కలు రెండూ ఒకే పూట మాయమయ్యాయి. ఒకదాన్ని బియ్యం షావుకారు గునపంతో పెకలించి, దాని మీద తన బస్తాలు దాటించుకున్నాడు. రెండోదాన్ని వడ్రంగి ఊడదీసి, తన వీధిలో నడవలేని ముసలివాళ్ళను తొమ్మిది మందిని దాని మీద గట్టుకు చేర్చాడు.

నీళ్ళు తీశాక ఇద్దరి మీదా కేసులు పెట్టారు. షావుకారు రెక్క తెచ్చి అప్పగించి తప్పైందన్నాడు. కోర్టు లేచేదాకా మూల బల్ల మీద కూర్చోమని శిక్ష వేశారు. ఓ కునుకు తీసి సాయంత్రం ఇంటికి పోయాడు. వడ్రంగి తీసిన రెక్క మాత్రం ఏటిపాలైంది. అతనికి మూడు నెలల జైలు తప్పదని అందరూ అనుకుంటున్నారు.

వడ్రంగి తరఫు ప్లీడరుకు అరవై దాటాయి. ఒక తప్పుకు ఒకటే కొలత ఉండాలన్నది ఆయన పట్టుదల. దాని కోసం ఎవరితోనైనా పేచీ పెట్టుకుంటాడు.

విచారణ రోజు వడ్రంగి భార్య నిండు నెలలతో కోర్టు వరండాలో ప్లీడరుకు ఎదురొచ్చింది.

"అన్నా, ఈ నెలలోనే నాకు కాన్పు. ఆయన జైల్లో కూర్చుంటే నా గతేంటి?"

"షావుకారు కూర్చున్నంతసేపే నీ మొగుడూ కూర్చుంటాడమ్మా. అంతకంటే నిమిషం ఎక్కువైతే ఈ కోటు నీ బిడ్డకు పక్కగుడ్డగా ఇచ్చేస్తా."

"ఆ కోటా? ఉతికించి ఇవ్వన్నా మరి."

ప్లీడరు నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళి వడ్రంగి చెవిలో చెప్పాడు. "అడిగితే తప్పైందను. ఇంకో ముక్క మాట్లాడకు."

"తలుపు తీశావా?" అన్నాడు జడ్జి.

"తీశానండి. తప్పైందండి. మళ్ళీ వరదొస్తే మళ్ళీ తీస్తానండి."

ప్లీడరు తల పట్టుకున్నాడు.

సర్కారు ప్లీడరు లేచాడు. "విన్నారుగా! షావుకారు భయంతో పెకలించాడు. ఇతను తీరుబడిగా పన్నెండు స్క్రూలూ ఒక్కొక్కటే విప్పాడు. పని తెలిసి, ఆలోచించి చేసిన దొంగతనం. శిక్ష ఎక్కువే పడాలి."

జడ్జి తలూపాడు.

వడ్రంగి ఉండబట్టలేకపోయాడు. "పెకలిస్తే ద్వారబంధం చీలిపోదా అండీ? మళ్ళీ బిగించేవాడికి తెలుస్తుంది ఆ బాధ!"

"స్క్రూలేవి?" అన్నాడు జడ్జి.

"కిటికీ పై గూట్లో ఉన్నాయండి. కాగితంలో చుట్టి పెట్టాను."

బంట్రోతు స్టూలెక్కి చేయి పెట్టాడు. పొట్లం దొరికింది. పన్నెండూ ఉన్నాయి. ఇన్ని రోజులూ ఈ ముక్క అడగనందుకు ప్లీడరుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. అదే ఊపులో లేచాడు.

"అయ్యా, ఎత్తుకుపోయేవాడు స్క్రూలు భద్రం చేసి పోతాడా? షావుకారి రెక్క తిరిగొచ్చింది, అటువైపు ద్వారబంధం చీలింది. ఇతని రెక్క పోయింది, ఇటువైపు ద్వారబంధం నిలిచింది. తక్కువ శిక్ష వెయ్యమని నేను అడగను. ఎక్కువ వేస్తే మాత్రం ఒప్పుకోను. ఒకే తలుపుకు రెండు కొలతలు వద్దు."

జడ్జి ఆ పొట్లం దగ్గరికి లాక్కుని ఒక్కో స్క్రూ తిప్పి చూశాడు. "సరే. కోర్టు లేచేదాకా కూర్చో."

వరండాలోంచి "అమ్మయ్య" అని వినిపించింది. అంతలో ఎవరో లోపలికి వచ్చారు. పోయిన రెక్క చోట పెట్టిన కొత్త రెక్క నేలకు రాసుకుని కీచుమంది. జడ్జి చెవి మూసుకున్నాడు. "ఆ రెక్క కూడా నువ్వే సరిచెయ్యి. అదీ శిక్షలో రాస్తున్నా."

"కుదరదు!" అన్నాడు ప్లీడరు. "షావుకారుకు ఏ పనీ చెప్పలేదు. ఇతనికీ చెప్పకూడదు."

"నేను చేస్తానండీ!" అన్నాడు వడ్రంగి.

"నోర్ముయ్! నీకై నువ్వు చేస్తే చేసుకో. శిక్ష కింద మాత్రం చెయ్యడానికి వీల్లేదు."

జడ్జి నవ్వాపుకోలేకపోయాడు. "ముద్దాయి ఒప్పుకున్నా ప్లీడరు ఒప్పుకోడేమయ్యా!" అంటూ ఆ మాట కొట్టేశాడు.

వడ్రంగి సాయంత్రం దాకా బల్ల మీదే ఉన్నాడు. తలుపు కీచుమన్నప్పుడల్లా పన్ను పీకినట్టు మెలికలు తిరిగాడు.

"షావుకారు హాయిగా నిద్రపోయాడు. శిక్ష వీడికే ఎక్కువైందండీ," అన్నాడు బంట్రోతు.

"దానికి అప్పీలు లేదు," అన్నాడు ప్లీడరు.

మర్నాడు పొద్దున్నే ప్లీడరు కోర్టుకు వచ్చేసరికి వడ్రంగి అప్పటికే రెక్క దింపి, అడుగు అంచును చిత్రిక పడుతున్నాడు. పక్కన పొట్లం విప్పిన కాగితం మీద తుప్పు గీకిన ఆ పాత స్క్రూలున్నాయి.

"అయ్యా, కాస్త పట్టుకుంటారా?"

ప్లీడరు నల్ల కోటు విప్పి కిటికీకి తగిలించాడు. రెక్కను నిలబెట్టి భుజం ఆనించి, పన్నెండో స్క్రూ బిగిసేదాకా పట్టుకున్నాడు.