బల్ల మీది లంగరు

నేను ఒక లంగరు రాయిని. నడుముకు చిల్లి, ఒళ్లంతా నాచు, ఇద్దరు మగాళ్లు మోసేంత బరువు. నన్ను చెక్కినవాడి పేరు మరిచిపోయాను గానీ, చిల్లి తొలుస్తూ వాడు తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. ఉప్పు ఓడలను, కలప ఓడలను కదలకుండా పట్టి ఉంచాను. తర్వాత రేవు పూడిపోయింది. నన్ను గోదావరి పాయ ఒడ్డున బురదలో వదిలేసి అందరూ వెళ్లిపోయారు.

నన్ను మళ్లీ మనిషిని చేసింది నూకరత్నం. పీతలు పట్టి బతికే ఒంటరి మనిషి. ఆమె ఆస్తి అంతా ఒక నాటుపడవ. అది పోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. దాన్ని నా నడుముకు కట్టి, చూసుకో అన్నట్టు ఒకసారి తట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని యానాం బజారుకు పోయేది. అంత గౌరవం నాకు ఏ ఓడవాళ్లూ ఇవ్వలేదు.

ఆ ఆదివారం ఆటుకు నీరు తీసిన వేళ ఒడ్డంతా జనం. బురదలో బయటపడే పాత వస్తువులను జనంతోనే వెతికించే పండగట. చరిత్ర మేష్టారు చక్రపాణిగారు దానికి పెద్ద. బూట్లు వేసుకొచ్చిన పట్నంవాళ్లు కుండపెంకు దొరికినా కళ్లకద్దుకుంటుంటే నవ్వుకున్నాను. అంతలో ఒకమ్మాయి నన్ను తన్నుకుని పడింది. చిల్లి చూసి మేష్టారిని పిలిచింది. ఆయన నా ముందు బురదలోనే కూలబడ్డారు, కళ్లనిండా నీళ్లు. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను.

చిల్లిలో నూకరత్నం పొద్దున్న కట్టిపోయిన నైలాన్ తాడు చూసి, ఇది ఈ కాలపు చెత్త, తీసేయండి అన్నారాయన. దాని మిగతా పొడవంతా బురదలో కూరుకుపోయింది. కాస్త అవతల, మడ పొదల పక్కన, తాడు రెండో కొసన పడవ ఒరిగి ఉంది. అటు ఎవరూ చూడలేదు. తాడు కోసి చెత్త సంచిలో వేశారు. నోరుంటే ఒడ్డు అదిరేలా అరిచేదాన్ని.

నన్ను కడిగి, ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం పోటెక్కింది. పడవ లేచింది, ఊగింది, ఎగువకు సాగిపోయింది. సాయంత్రం నీరు తిరిగాక మళ్లీ మా ముందు నుంచే సముద్రం వైపు వెళ్లింది. ఎంత బాగుందో అంటూ జనం ఫోటోలు తీశారు. నేను పుట్టిందే పడవలను ఆపడానికి. ఏమీ చేయలేక చూస్తూ కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా నూకరత్నం ఖాళీ బుట్టతో వచ్చింది. పాయను చూసింది, నన్ను చూసింది. ఆమె కూడా చూడ్డానికి వచ్చిన మనిషే అనుకుని మేష్టారు ఆప్యాయంగా వివరించారు. పూర్వం మనవాళ్లు పడవలను దీనికే కట్టేవారమ్మా, ఎంత పోటొచ్చినా కదిలేవి కావు అన్నారు.

ఆమె చివరిదాకా విని, నా చిల్లిలో చెయ్యి పెట్టి తడిమింది.

"పొద్దున్న నేనూ దీనికే కట్టేనండి. నా పడవేదండి?" అంది.

నన్ను కనిపెట్టిన అమ్మాయి సాయంత్రం తాను తీసిన ఫోటో తెరిచి, మెల్లగా ఫోన్ చాపింది. నూకరత్నం పడవ అందులో చిన్నగా, పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది.