పంతులుగారి వీపు సంచి

సీతారామాంజనేయులుగారి కుడిచెయ్యి తిమ్మిరెక్కడం జ్యేష్ఠమాసంలో మొదలైంది. వట్లూరులో ఒక ఇంట సత్యనారాయణ వ్రతం చేయించి తీర్థం ఇవ్వబోతుండగా వేళ్ళు పట్టు తప్పాయి. ఉద్ధరిణి వెళ్ళి ఇంటి యజమాని ఒళ్ళో పడింది. యజమాని నవ్వుతూ దాన్ని తిరిగి అందించాడు. పంతులుగారికే ఆ పూట ప్రసాదం కూడా సయించలేదు.

ఏలూరు డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, గోడవారగా పెట్టిన పెద్ద సంచివైపు చూశాడు.

“అది ఎన్నేళ్ళనుంచి మోస్తున్నారండీ?”

“సంచులు మారాయి గానీ, మోత ముప్పై ఏళ్ళదండీ.”

“ఎప్పుడూ కుడిభుజానికేనా?”

“ఎడమ భుజం మీద ఉత్తరీయం ఉంటుంది కదండీ.”

డాక్టరు నవ్వాడు. మెడ దగ్గర నరం నొక్కుకుంటోందనీ, ఇకనుంచి బరువు రెండు భుజాలకీ సమంగా పడాలనీ చెప్పాడు. “కాలేజీ పిల్లలు వీపుకి తగిలించుకుంటారు చూడండీ, అలాంటిది కొనుక్కోండి. అశ్రద్ధ చేశారో, ఈ చెయ్యి మీ మాట వినదు.”

చెయ్యి మాట వినకపోతే హోమం ఎలా చేయిస్తారు? మందులచీటీ మడిచి జేబులో పెట్టుకుని, యాభైమూడేళ్ళ సీతారామాంజనేయులుగారు ఇల్లు చేరారు.

ఇంట్లో కూతురు శ్రీహిత చదువుకునే రోజుల్లో వాడిన సంచి ఒకటి అటక మీద ఉంది. వంగపండు రంగుది. జిప్పుకి బొచ్చు ఎలుగుబంటి వేలాడుతోంది. ఆయన భార్య భానుమతి ఆ ఎలుగుబంటిని కత్తెరతో కత్తిరించి, సంచి దులిపి ఇచ్చింది. మర్నాడు ఒక గృహప్రవేశానికి అది తగిలించుకుని వెళ్ళారు. గుమ్మంలో ఎవరో కుర్రవాడు కాదు, తన వయసాయనే, “పంతులుగారూ, ఏ ఇయర్ అండీ?” అన్నాడు. అందరితోపాటు ఆయనా నవ్వేశారు. కానీ సంకల్పం చెప్పడానికి కూర్చున్నాక ఆ ఏటి సంవత్సరం పేరు నాలుక మీదికి రాలేదు. పంచాంగం తెరిచి చూసుకోవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఇక్కడ ఆయన గురించి ఒక్క మాట చెప్పాలి. సీతారామాంజనేయులుగారు బట్ట దగ్గర పట్టింపు మనిషి. పంచె కుచ్చిళ్ళు లెక్క తప్పవు. ఉత్తరీయం మడత నలగదు. నలుగురి ఇళ్ళలో మంచి జరగాలని వెళ్ళేవాడు మంచిగా కనిపించాలని ఆయన నమ్మకం. అలాంటి మనిషి వీపు మీద వంగపండు రంగు సంచి!

“ఏవండీ, కొత్తది కొనుక్కోండి. మీకు నప్పేది ఎక్కడో ఒకచోట ఉండకపోదు,” అంది భానుమతి.

ఆయన కలశాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఏలూరు బజారు మీద పడ్డారు. ఏ సంచైనా ఆ కలశం పడితేనే కొనాలని నియమం. మొదటి కొట్టులో సేల్స్‌మన్ “మనవడికాండీ?” అని అడిగాడు. నాకేనంటే, నల్లటిది ఒకటి తీశాడు. దాని మీద జానెడు అక్షరాలతో కంపెనీ పేరు. అది తగిలించుకుంటే మందుల కంపెనీ ఏజెంటులా ఉన్నారు. రెండో కొట్టులో మిలటరీ మచ్చలది, దానికి పదకొండు జిప్పులు. కర్పూరం ఏ జిప్పులో పెట్టారో వెతుక్కునేసరికి హారతి వేళ దాటిపోతుంది. మూడో కొట్టులో దొరికినది చూడ్డానికి బాగానే ఉంది గానీ, కలశం పెట్టగానే కొండచిలువ మేకని మింగినట్టు పొట్ట ముందుకు వచ్చింది.

శ్రీహిత ఫోనులో వెతికి ఒకటి తెప్పించింది. పెట్టె విప్పగానే ఇంట్లో అందరూ దగ్గరికి జరిగి చూశారు. అంత అందంగా ఉంది. ముదురు గోధుమరంగు, ఒద్దికైన కుట్టు, ఎక్కడా అక్షరం లేదు. ఆయన చెయ్యి చాపి పట్టీ నిమిరారు. నిమిరిన చెయ్యి వెనక్కి తీసుకుని వాసన చూసుకున్నారు.

“తోలమ్మా.”

శ్రీహిత నాలుక కరుచుకుంది. “అయ్యో, నేను చూసుకోలేదు నాన్నగారూ.” పూజాద్రవ్యాలు తోలు సంచిలో పెట్టే ప్రశ్నే లేదు. అది వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆయన మాత్రం రెండు రోజులపాటు దాని కుట్టు తలుచుకుంటూనే ఉన్నారు. అంటే తనకి కావలసినది లోకంలో ఉండడానికి వీలుందన్నమాట. తోలు కానిది దొరకాలి, అంతే.

అది తాడేపల్లిగూడెంలో దొరికింది. దొరికిందనడం కన్నా, అక్కడ పుట్టిందనడం సబబు.

మార్కెట్ యార్డు దగ్గర ఒక మిల్లువారి కొత్త లారీకి పూజ చేయించడానికి వెళ్ళారు. కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టడానికి క్యాబిన్‌లోకి ఎక్కితే సీటు కంటబడింది. దాని మీది కుట్టు తాడు పట్టి గీసినట్టు ఉంది. మూలల దగ్గర ఒక్క పోగు కూడా లేవలేదు.

“ఇదెవరు కుట్టారండీ?”

“ఎదురుగానే అండీ, సాల్మన్ గారు,” అన్నాడు డ్రైవరు.

రోడ్డు దాటితే రేకుల షెడ్డు. లోపల లారీలకు కప్పే టార్పాలిన్లు, ట్రాక్టరు సీట్లు. పెద్ద కుట్టుమిషను వెనక అరవై ఏళ్ళ సాల్మన్. సీతారామాంజనేయులుగారు తన కథంతా చెప్పుకున్నారు. చెయ్యి, డాక్టరు, వంగపండు రంగు, తోలు, ఏదీ దాచలేదు. సాల్మన్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ విన్నాడు.

“బ్యాగులు కుట్టనండీ నేను. లారీలకి కుడతాను.”

“ఒక్కసారి మనిషికి కుట్టండి.”

సాల్మన్ ఏమనుకున్నాడో, టేపు తీసి లేచాడు. “వెనక్కి తిరగండి.” వీపు కొలిచాడు. మెడనుంచి నడుముదాకా, ఈ భుజం నుంచి ఆ భుజందాకా. “ఇప్పుడు ఆ గుమ్మం దాకా నడవండి.” నడిచారు. “కుడివైపుకి ఒరిగి నడుస్తున్నారండీ మీరు.”

ఆ మాట ముప్పై ఏళ్ళలో ఎవరూ అనలేదు. ఇంట్లోవాళ్ళు కూడా.

“తోలు ముక్క తగలకూడదండీ,” అన్నారు పంతులుగారు.

“తోలెందుకండీ? తడిస్తే బరువు, ఎండితే పగులు. మంచి కేన్వాసు ఉంది నా దగ్గర. మీ సామానంతా ఇలా బల్ల మీద పరవండి.”

కలశం, పంచపాత్ర, గంట, హారతి పళ్ళెం, నేతిగిన్నె, దర్భల కట్ట, పంచాంగం ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. సాల్మన్ ప్రతి దాన్నీ చేత్తో ముట్టకుండా, చూపుతో కొలిచి, సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీశాడు. అది గమనించి పంతులుగారే కలశం తీసి ఆయన చేతికిచ్చారు. “బరువు చూడకపోతే ఎలాగండీ?”

వారానికి సంచి తయారైంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ తగిలించుకుని పది అడుగులు వేసేసరికి కలశం వెన్నులో పొడిచింది, పట్టీలు ఉత్తరీయం మీద నుంచి జారాయి. పంతులుగారు మొహమాటపడి, “పరవాలేదండీ, అలవాటవుతుంది,” అన్నారు. సాల్మన్ ఆయన మొహంలోకి చూసి, సంచి తీసుకుని, బ్లేడుతో కుట్లన్నీ తెంపడం మొదలుపెట్టాడు.

“అయ్యో, అంతా కుట్టాక విప్పేస్తారా?”

“మంత్రం తప్పు పలికితే మళ్ళీ చెప్పరా అండీ మీరు?”

పంతులుగారు అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ పూటంతా ఇద్దరూ ఆ సంచి మీదే పడ్డారు. పట్టీలకి మంచాలకి అల్లే నవారు పెట్టారు, నీళ్ళలో నానబెట్టి ఆరేసి మెత్తబరిచి. అవి జారకుండా ఛాతీ మీద ఒక ఇత్తడి కొక్కెం. వీపు ఆనేచోట లారీ సీటు స్పాంజి. ఇత్తడి సామానుకి అడుగున విడిగా ఒక గది, పక్కనుంచి తెరుచుకునేది. పైన కాగితాలకీ, దర్భలకీ ఇంకోటి. టార్పాలిన్లకి వేసినట్టే ప్రతి కుట్టు మీదా మైనం రాశాడు సాల్మన్. తడిసిన కొబ్బరిపీచు రంగు గుడ్డ మీద రెండు ఇత్తడి బకిల్సు తప్ప మెరిసేది ఏదీ లేదు.

షెడ్డులో అద్దం లేదు. బయట ఆగి ఉన్న లారీ సైడు అద్దంలో చూసుకున్నారు పంతులుగారు. తెల్లటి పంచె, జరీ ఉత్తరీయం, రెండు భుజాల మీదా సమంగా దిగిన పట్టీలు. మనిషి నిటారుగా ఉన్నాడు. అలా నిలబడి తనని తాను చూసుకుని ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. సంచి వయసుకి తగినట్టుంది, వృత్తికి తగినట్టుంది, ఆ రెండూ కాక ఏదో కొంచెం దర్జాగా కూడా ఉంది.

“బాగుందాండీ?” అన్నాడు సాల్మన్, అద్దంలో ఆయన వెనకనుంచి తొంగిచూస్తూ.

“బాగుందనడం చాలదండీ,” అన్నారు పంతులుగారు.

శ్రావణంలో కొల్లేటి లంకల్లో సత్తిరాజు అనే చేపల చెరువుల ఆసామి ఇంట గృహప్రవేశం. ముహూర్తం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి. రెండు రోజులుగా ఒకటే వాన. తమ్మిలేటి నీళ్ళు వచ్చి దారి మీద పడ్డాయి. ఊరికి మైలు దూరంలో ఆటో ఆగిపోయింది. సీతారామాంజనేయులుగారు ఫోను చేస్తే సత్తిరాజు తానే దోనె వేసుకుని వచ్చాడు, పట్టుపంచె పైకి ఎగ్గట్టి.

“ఆ సంచి ఇలా ఇవ్వండి పంతులుగారూ, పట్టుకుంటాను.”

“వద్దండీ, నా వీపునే ఉండనివ్వండి.”

దోనె సగం దూరం బాగానే సాగింది. గూడబాతులు నాలుగైదు బద్ధకంగా పక్కకి తప్పుకున్నాయి. ఆ తరవాత గుర్రపుడెక్క అడ్డొచ్చింది. వానకి కొట్టుకొచ్చిన ఆ నీటిమొక్కంతా గట్టుకి చేరి చాపలా పరుచుకుంది. గెడకర్ర ఎంత వేసినా దోనె కదలదు. టైము ఎనిమిదిన్నర దాటింది. సత్తిరాజు మొహం పాలిపోయింది. “ఇంకో ముహూర్తం చూడాలంటారా?”

“ఎందుకండీ? దిగుదాం.”

పంచె బిగించి దిగారు. నీళ్ళు తొడలదాకా. గట్టువాళ్ళు మోకు విసిరితే రెండు చేతులా పట్టుకున్నారు. పాత సంచి అయితే ఒక చెయ్యి దానికే పోయేది. కాలికింద బురద జారినా, వాన మొహాన కొట్టినా, వీపు మీది బరువు ఒంటిని వదలకుండా ఆయనతో పాటే నడిచింది. కుడిచెయ్యి మోకు మీద బిగుసుకుని ఉంది. తిమ్మిరి లేదు. ఆ సంగతి ఆయనకి గట్టెక్కాక గానీ తట్టలేదు.

కొత్త ఇంట్లో సత్తిరాజు భార్య వెంకటనరసమ్మ దిగాలుగా నిలబడి ఉంది. పందిరి కారి వాళ్ళ కర్పూరం, అగ్గిపెట్టెలు, సమిధలు ముద్దయిపోయాయట. పంతులుగారు వసారాలో సంచి దింపి, బకిల్సు తీశారు. చుట్టూ మూగినవాళ్ళు మెడలు చాచి చూశారు. పంచాంగం పెళపెళలాడుతూ బయటికి వచ్చింది. దర్భలు, కర్పూరం, సమిధలు, అన్నీ పొడిగా ఉన్నాయి. అగ్గిపుల్ల మొదటి గీతకే అంటుకుంది.

తొమ్మిదీ పన్నెండుకి దంపతులు గడప దాటారు. హోమగుండంలో నూట ఎనిమిది ఆహుతులూ పంతులుగారి కుడిచేతిమీదుగానే పడ్డాయి. ఒక్క నేతిచుక్క కూడా గుండం బయట పడలేదు.

భోజనాలయ్యాక వసారాలో ఏదో సందడి వినిపించింది. వెళ్ళి చూస్తే సత్తిరాజు ఆ సంచి తగిలించుకుని, పట్టుపంచెలో, అటూ ఇటూ నడుస్తున్నాడు. చుట్టూ ఐదారుగురు ఆసాములు, అందరూ యాభై దాటినవాళ్ళే, తమ వంతు కోసం చూస్తున్నారు.

“ఏవండీ పంతులుగారూ, ఇది ఫారిన్ సరుకాండీ?”

“కాదండీ, గూడెం సరుకు.” ఆయన గొంతులో దాగని గర్వం. “సాల్మన్ గారని, ఆయన కుట్టారు.”

“మాకూ కుడతారేమో కనుక్కోండి. గట్ల మీద తిరగడానికి ఇలాంటిది ఇన్నాళ్ళూ దొరక్కనే కదండీ చేతిసంచులు మోస్తున్నాం!”

పంతులుగారు అక్కడే ఫోను కలిపి స్పీకరు పెట్టారు. సంగతి విని అవతల మిషను చప్పుడు ఆగింది.

“ఎంతమందండీ?” అన్నాడు సాల్మన్, నమ్మలేనట్టు.

“ఏడుగురండీ.”

“మనిషి మనిషికీ కొలత వేరండీ. నీళ్ళు తియ్యగానే నేనే వస్తాను కొల్లేరుకి.”

అందరూ ఒక్కసారిగా హోరెత్తించారు. ఆ హోరు తగ్గనిచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నుంచి వెంకటనరసమ్మ ముందుకొచ్చి ఫోనువైపు వంగింది.

“ఎనిమిదండీ సాల్మన్ గారూ. నా వీపు కూడా వీపేనండీ!”