తగ్గిన కిలోలు

"వడ్డించీసిన అన్నం మళ్లీ గిన్నెలో ఎలాగెయ్యమంటావే?" అంది సీతారత్నం, గరిటె పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకోకుండా.

"నేను ముట్టుకోలేదు కదత్తా. అన్నం వద్దని పొద్దున్నే చెప్పాను," అంది హైమవతి.

"సెప్పేవు. రోజూ సెప్తన్నావు, రోజూ పెడతన్నాను. నాకు మతిమరుపనుకున్నావేటి? ఎప్పుడో ఓపాలి తింతావని పెడతన్నాను."

"నాకు చోడి అంబలి ఉంది."

"అంబలి పొలంకెళ్లీవోలు తాగుతారు. ఇంట్లో కూసున్న మనిషికి అంబలెందుకే?"

"ఇంట్లో కూర్చున్న మనిషిని కాబట్టే తాగమన్నారు డాక్టరుగారు."

"ఏ డాక్టరు, ఆ ధనరాజా? ఆయన పొట్ట సూసేవా? కుర్చీలో పట్టడు. ముందాయన్ని తాగమను."

పక్కన తింటున్న కూతురు నిహారిక నవ్వాపుకోలేక పొలమారింది. "ఆయనా తాగుతున్నాడట మామ్మా. అన్నం తిన్నాక."

టెక్కలిలో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పి అప్పుడే వచ్చిన కొడుకు కిరణ్ కుమార్ కూడా నవ్వాడు. సీతారత్నానికి నవ్వు రాలేదు. గరిటె గిన్నెలో పెట్టి, అసలు మాట అప్పుడు బయట పెట్టింది.

"బంగారమ్మ అడిగింది నిన్న, కుళాయి కాడ. మీ కోడలికి కూడా వొచ్చిందేటి అని."

ఏం వచ్చిందని ఎవరూ అడగలేదు. అప్పలనరసింహం తన ముందున్న అరగ్లాసు నీళ్లు చూసుకున్నాడు. ఆ పూటకి ఆయనకి అంతే. ఒక గుక్క తాగి, గ్లాసు దింపి, "తీసీ అమ్మా ఆ అన్నం," అన్నాడు. సీతారత్నం తీసేసింది.

కాశీబుగ్గలో మనిషి సన్నబడితే బాగున్నావనే వాళ్లు లేరు. ఉద్దానం ఊళ్లలో మరీనూ. ఆ పక్కన చిక్కిపోవడానికి ఒకటే అర్థం. ముందు కాళ్లకి నీరొస్తుంది, లేదా అదీ రాదు, అన్నం సహించదు, ముఖం నల్లబడుతుంది, ఓ రోజు రైల్లో విశాఖపట్నం తీసుకెళ్తారు. సీతారత్నం మొగుడు అలాగే వెళ్లాడు. అప్పట్లో జబ్బుకి పేరు కూడా చెప్పలేదెవరూ. కొడుక్కి ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా ఉద్యోగమొచ్చి కాపురం కాశీబుగ్గకి మారాక, ఆ కొబ్బరితోటల్లోనే దాన్ని వదిలేసి వచ్చామనుకున్నారు. నలభై ఎనిమిదో ఏట అప్పలనరసింహం కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడింది. కిడ్నీలు పోయాయన్నారు. అప్పట్నుంచి వారంలో రెండు రోజులు విశాఖలో రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడు.

హైమవతి ఆయనకి మేనమామ కూతురు. అదే ఊరు, అదే నుయ్యి. రక్తం గ్రూపూ కలిసింది. తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. విశాఖలో పెద్ద డాక్టరు ఆమెని త్రాసెక్కించి, ముల్లు ఎనభై ఎనిమిది దగ్గర ఆగడం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంత బరువుతో మీ దగ్గర కిడ్నీ తియ్యలేమమ్మా. డెబ్బైకి దిగి రండి. మిగతా పరీక్షలకి చాలా ఖర్చవుతుంది, అవన్నీ అప్పుడు చేద్దాం," అన్నాడు.

పెళ్లయిన కొత్తలో అప్పలనరసింహం, "నువ్వెక్కితే రిక్షావోడు దిగి తోసుకుంటాడే," అని ఏడిపించేవాడు. పిల్లలు పుట్టాక కూడా ఏడిపించేవాడు. ఆ త్రాసు దిగిన రోజు నుంచి ఆయన మళ్లీ ఆమె లావు మీద వేళాకోళమాడలేదు. ఇన్నేళ్లూ విని విసుక్కున్న మాట, వినపడకపోతే దిగులేసింది హైమవతికి.

తెల్లారకుండా లేచి నడవడం మొదలుపెట్టింది. కాశీబుగ్గ నుంచి రైల్వేగేటు దాటి పలాస స్టేషను దాకా వెళ్లి, ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగేది. జీడి బట్టీల పొగ గొంతుకి పట్టుకునేది. జీడిపప్పు కొట్టడానికి పోయే ఆడవాళ్లు ఆమె పక్కనుంచి చకచకా నడిచిపోయేవారు. మొదటి రోజుల్లో ఒకామె ఆగి, "ఏ బట్టీకమ్మా? కొత్తగా సేరేవా?" అని అడిగింది.

"బట్టీకి కాదు. ఊరికే నడుస్తున్నాను."

"ఊరికే నడుత్తారేటి?" అని ఆమె పక్కమనిషి వైపు చూసి, "ఊరికేనటే," అని చెప్పింది. ఇద్దరూ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు.

అన్నం మానడం నడక కన్నా కష్టమైంది. వార్చిన అన్నం ఆవిరి ముఖానికి తగిలితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అత్త చూడకుండా గంజి గిన్నె దగ్గర నిలబడి వాసన పీల్చి అవతలకి వెళ్లిపోయేది.

నెలనెలా ధనరాజు డాక్టరు దగ్గర బరువు చూపించుకునేది. కాశీబుగ్గలో ఆయన ఆసుపత్రి రెండు గదులు. పదిహేనేళ్లుగా అందరికీ నడవండి, తగ్గండి అని చెప్తున్నాడు. ఎవరూ వినలేదు, ఆయనతో సహా. త్రాసు ముల్లు మొదటిసారి ఎనభై కిందకి దిగినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచాడు. వంగి కళ్లజోడు సర్దుకుని చూశాడు. గంట కొట్టి, "అసిరయ్యా, బయటున్నవాళ్లని లోపలికి పంపించు," అన్నాడు.

కాంపౌండరు అసిరయ్య, "ఎవర్నండీ?" అన్నాడు.

"అందర్నీ."

గదిలో పట్టినంతమంది వచ్చి నిలబడ్డారు. "ఈవిణ్ణి చూడండి," అన్నాడు డాక్టరు. "మందు లేదు, మాత్ర లేదు. నోరు కట్టుకుంది, కాళ్లు ఆడించింది. మీ అందరికీ కాళ్లున్నాయా లేవా?"

హైమవతి చెంగు భుజం మీదకి లాక్కుని నేల చూసింది. గుమ్మంలో నిలబడ్డ ముసలాయన, "మరి మీకో బాబూ?" అన్నాడు. అందరికన్నా ముందు ధనరాజే నవ్వాడు.

ఆ రోజు ఇంటికి నడిచొస్తుంటే ఆమెకి కాళ్లు నేల మీద ఆనలేదు. పదో తరగతి గట్టెక్కినప్పుడు కూడా పదిమంది ముందు ఎవరూ ఆమెని మెచ్చుకోలేదు. వీధిలో వాళ్లు జాలిగా చూస్తే చూడనీ అనుకుంది. తను ఎందుకు తగ్గుతోందో తనకి తెలుసు, డాక్టరుకి తెలుసు.

చలికాలం వెళ్లేసరికి ఇంకో వింత జరిగింది. అన్నం మీద కోరిక పోయింది. గంజి వాసనకి ఇప్పుడు కళ్లల్లో నీళ్లు తిరగడం లేదు, కడుపులో తిప్పుతోంది. అంబలి కూడా సగం తాగి పెట్టేస్తోంది. పొద్దున్న లేవగానే వికారంగా ఉంటే, పులిసిన అంబలి పడలేదేమో అనుకుంది.

"ఆకలి వెయ్యట్లేదండీ ఇప్పుడు," అని చెప్పింది ధనరాజుకి.

ఆయన బల్ల మీద అరచేత్తో చరిచాడు. "గెలవడమంటే అదేనమ్మా. ఇన్నాళ్లూ కడుపు చెప్పినట్టు మీరు విన్నారు, ఇప్పుడది మీ మాట వింటోంది. ఇలాగే కానివ్వండి."

ఇలాగే కానిచ్చింది. బరువు దానంతటదే జారిపోతోంది. నడవలేక మధ్యలో స్టేషను బెంచీ మీద కూలబడ్డ రోజుల్లో కూడా ముల్లు దిగుతూనే ఉంది.

వేసవి మొదట్లో మొగుడూ పెళ్లాలు విశాఖ వెళ్లారు. పెద్ద డాక్టరు త్రాసు ముందు తనే నిలబడ్డాడు. అరవై తొమ్మిది. పక్క గదిలోంచి చిన్న డాక్టర్లని పిలిపించి, హైమవతిని మధ్యలో నిలబెట్టి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, తెలుగులోకి వచ్చాడు. "ఆపరేషనంటే రెండు కిలోలు కూడా తగ్గలేరు జనం. ఈవిడ భర్త కోసం పంతొమ్మిది తగ్గారు. ఇలాంటి పేషెంటు ఉంటే మాకు సగం పని ఉండదు." ఒక చిన్న డాక్టరమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. అప్పలనరసింహం గోడకి ఆనుకుని భార్య వైపు చూశాడు, పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు. ఆ తర్వాతే రక్తం తీశారు.

మర్నాడు చిన్న డాక్టర్లు లేరు. పెద్ద డాక్టరు కాగితం ఒకసారి చదివి, మళ్లీ పైనుంచి చదివాడు. "కూర్చోండమ్మా," అన్నాడు. నిన్న అంతసేపూ నిలబెట్టి మాట్లాడిన మనిషి కూర్చోమనేసరికి హైమవతికి సగం తెలిసిపోయింది.

"మీది కూడా ఉద్దానమేనా?"

"ఇద్దరిదీ ఒకే ఊరండి. మేనరికం."

"మొదటిసారి వచ్చినప్పుడే చూసుండాల్సింది," అన్నాడాయన, ఆమెతో కాకుండా కాగితంతో. "మీ కిడ్నీలు కూడా సగానికి పైగా దెబ్బతిన్నాయమ్మా. మీరు ఇవ్వడం కాదు, ఇప్పట్నుంచి మీరే జాగ్రత్తగా ఉండాలి." కాగితం పక్కన పెట్టి, "మీకో బాబున్నాడన్నారు. వయసెంత?" అన్నాడు.

అప్పలనరసింహం లేచి నిలబడ్డాడు. "బండి టైమైపోతందండి," అన్నాడు. బండికి ఇంకా మూడు గంటలుంది.

పాసింజరు నౌపడ దగ్గర ఆగింది. కిటికీ అవతల ఎండలో ఉప్పుగుట్టలు వరసగా మెరుస్తున్నాయి. అప్పలనరసింహం వాటి వైపు చూపించి, "సూడే, మనిద్దరికీ పనికిరాని సరుకు," అన్నాడు.

ఏడాది మీద ఆయన ఆడిన మొదటి వేళాకోళం. హైమవతి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఎదుటి సీటులో పిల్లకి జంతిక పెడుతున్నావిడ తల తిప్పుకుంది.

"బావా, ఏ కిలో నేను తగ్గాను, ఏ కిలో అది తిన్నాది?"

"అన్నీ నువ్వే తగ్గేవు."

"అబద్ధం."

"అబద్ధమే అనుకో," అన్నాడాయన, ఆమె చెయ్యి తన తువ్వాలు కింద పట్టుకుని.

మర్నాడు సాయంత్రం ధనరాజు దగ్గరికి ఒక్కర్తీ వెళ్లింది. ఎప్పుడూ లోపలికెళ్లగానే త్రాసెక్కేది, ఆ రోజు ఎక్కలేదు. అసిరయ్య అలవాటుగా త్రాసు మీద కాగితాలు తీసి ఖాళీ చేశాడు. ఆమె కూర్చోవడం చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. డాక్టరు రిపోర్టు చదివాడు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకోవడం మర్చిపోయాడు.

"ఆకలి లేదన్నారు," అన్నాడు. "నాతోనే అన్నారు. నేను బల్ల చరిచాను."

హైమవతికి ఆయన్ని తిడదామనే ఉంది. వస్తూ దారంతా మాటలు కూడదీసుకుంది. ఆ బరువైన మనిషి కుర్చీలో ఇంకా కిందకి దిగిపోవడం చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇంకే ఊళ్లో డాక్టరు పొరబడ్డా అర్థముంది," అన్నాడాయన. "ఇక్కడ అందరికన్నా ముందు అనుమానం రావాల్సింది నాకు. ఈ గదిలోకి చిక్కిపోయి వచ్చే ప్రతి మనిషినీ చూసి భయపడుతూనే ఉన్నానమ్మా ఇన్నేళ్లూ. ఒక్క మనిషిని చూసి సంతోషిద్దామనుకున్నాను. అదే నేను చేసిన తప్పు."

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నడవమంటారా, మానెయ్యమంటారా?" అని అడిగింది.

"నడవండి. మెల్లగా," అన్నాడు. ఫీజు తీసుకోలేదు. ఆమె బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆ రాత్రి భోజనాలకి అందరూ కూర్చున్నారు. సీతారత్నం హైమవతి పళ్లెంలో కొంచెం అన్నం పెట్టింది. హైమవతి వద్దనలేదు. తను గెలిచినందుకు ముసలావిడ ముఖంలో వెలుగేమీ రాలేదు. బంగారమ్మ మాట మళ్లీ ఎత్తలేదు. పప్పు వడ్డించి, గిన్నె కింద పెట్టి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఆ పెద్ద డాక్టరు మరేటన్నాడు? ఇంకే దారీ నేదన్నాడా?" అంది. అంటూ మనవడి వైపు చూసింది. చూసినందుకు తనకే భయమేసినట్టు తల దించుకుని, పమిట చెంగుతో తుడవక్కర్లేని నేల తుడిచింది.

కిరణ్ చెయ్యి పళ్లెంలో ఆగింది. "నాదీ నాన్న గ్రూపేనమ్మా," అన్నాడు. "నేనిస్తాను."

నిహారిక అన్న వైపు, తండ్రి వైపు, తల్లి వైపు వరసగా చూసింది. అప్పలనరసింహం గ్లాసు పట్టుకున్నాడు గానీ ఎత్తలేదు.

హైమవతి నోట్లో ముద్ద మింగింది. గొంతు పెంచలేదు. రేపు వంటేమిటో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సోమవారం మీ నాన్నతో పాటు మీరిద్దరూ విశాఖ వస్తున్నారు. రక్తం పరీక్షకి. మీకెలా ఉందో తెలుసుకోడానికే. ఇవ్వడానికి కాదు. నేనిద్దామనుకున్నాను, అవ్వలేదు. ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఇవ్వరు. కిరణ్‌ని నేనడగను, ఎవర్నీ అడగనివ్వను. వాడంతట వాడిస్తానన్నా ఒప్పుకోను."

సీతారత్నం తల ఎత్తలేదు. "ఆడు నా కొడుకేనే," అంది చాలా చిన్నగా.

"తెలుసత్తా," అంది హైమవతి. చెయ్యి చాచి ముసలావిడ మోకాలి మీద వేసింది, ఎంగిలి తగలకుండా ఎడమ చెయ్యి. "రేపట్నుంచి ఉప్పులేని కూర మా ఇద్దరికీ కలిపే వండు."

అప్పలనరసింహం గ్లాసులో ఉన్న కొద్ది నీళ్లూ తాగి, ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "అలాగే సేద్దాం," అన్నాడు.