ఆమె మీటింగుకి ఆయన చొక్కా

తన మీటింగుకి మొగుడు వేసుకెళ్ళే చొక్కాని ఆమే ఇస్త్రీ చేస్తోంది. నవ్వకండి. మీ ఇళ్ళలోనూ ఇలాంటి చొక్కాలుంటాయి, వెతకండి.

ఊరి రవాణా కమిటీలో ఇరవై అయిదేళ్ళలోపు వాళ్ళకని ఒక కుర్చీ పెట్టారు. బస్సెక్కే కుర్రకారంతా చేతులెత్తి ఆమెను ఎన్నుకున్నారు. మందుల షాపు కౌంటర్లో నిలబడి ఊరందరితో మాట్లాడే మనిషి. రోజూ చిన్న బస్సులోనే వచ్చిపోయే మనిషి. డ్రైవరు ఆపకుండా పోతే వెంటపడి మరీ ఆపించే మనిషి. ఇంకేం కావాలి?

మొదటి మీటింగుకి మొగుడు బండి మీద దింపాడు. దింపినవాడు పోవచ్చుగా, వెనకే లోపలికొచ్చాడు. చైర్మన్ ఆయన్ని చూసి, "రండి సార్, కూర్చోండి" అన్నాడు. ఖాళీగా ఉన్నది ఒక్కటే కుర్చీ. ఆయన కూర్చున్నాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. అప్పుడే లేపాల్సింది, లేపలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి లేవడమే అలవాటయింది ఆమెకి. మామగారు గదిలోకొస్తే లేవాలి, బావగారు గుమ్మంలో దగ్గితే లేవాలి, తింటూ తింటూ అత్తగారి మంచినీళ్ళకి లేవాలి. కూర్చున్న మొగాణ్ణి లేపడం ఎవరు నేర్పారు గనక?

రెండోసారి నుంచి ఆ దింపడం కూడా లేదు. "నీకెందుకా గొడవంతా? నేను చెప్తాలే. అక్కడందరూ పెద్దవాళ్ళు. నువ్వు నోరు తెరిస్తే పోయేది నా పరువు" అన్నాడు. అత్తగారేమో, "వాడు సిమెంటు షాపు మానుకుని నీ కోసం తిరుగుతున్నాడు. ఆ విశ్వాసమన్నా ఉండాలి" అంది. వీధిలో ఆయన మెంబరుగారయ్యాడు, ఆమె మెంబరుగారి భార్య అయింది. ముప్పై దాటినవాడు, బండి దిగనివాడు, కుర్రకారు బస్సుల గురించి మాట్లాడుతున్నాడు! బస్సు మెట్లు ముందుంటాయో వెనకుంటాయో కూడా తెలీదు ఆయనకి.

ఇవాళ పొద్దున మందుల షాపుకి నర్సింగు చదివే పిల్ల వచ్చింది.

"అక్కా, ఆస్పత్రి గేటు దగ్గర స్టాపు తీసేయడానికి నువ్వే ఒప్పుకున్నావంటగా?"

"నేనా?"

"పోయిన మీటింగులో నువ్వే అన్నావంట. పెద్ద రోడ్డుకి అవతల పెడతారంట, ఇవాళ ఖాయం చేస్తారంట. అక్కడ లైటన్నా లేదక్కా. డ్యూటీ దిగి, లారీల మధ్య రోడ్డు దాటి, చీకట్లో నిలబడమంటావా మమ్మల్ని?"

పెద్ద రోడ్డుకి అవతల ఏముందో ఆమెకి తెలుసు. బావగారూ మొగుడూ కలిసి నడిపే సిమెంటు షాపు. స్టాపు వస్తే దాని ముందు జనమే జనం.

ఆ పిల్ల తిట్టినా బాగుండేది. "నువ్వు మా మనిషివనుకున్నాం" అని, మందులు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

చొక్కా కుడి చెయ్యి అయింది. ఎడమ చేతి మీద నీళ్ళు చిలకరించి ఆగిపోయింది ఆమె. ఇంట్లో తన రెక్కల కష్టం వాడుకున్నారు, ఊరుకుంది. జీతం వాడుకున్నారు, మన ఇల్లేగా అనుకుంది. ఇప్పుడు తను అనని మాట తన పేరు మీద ఊళ్ళో తిరుగుతోంది. తనని నమ్మి చెయ్యెత్తిన పిల్లని రేపు ఏ లారీయో గుద్దితే, ఆ పాపం కూడా తన పేరు మీదే.

"ఇంకా ఎంతసేపు?" తల తుడుచుకుంటూ వచ్చాడాయన.

"స్టాపు మార్చమని నేనన్నానా?"

"అన్నయ్య షాపు బాగుపడితే నీకేం నొప్పి? అయినా నువ్వంటే ఏంటి, నేనంటే ఏంటి? మనిద్దరం వేరా?"

"వేరు కాదుగా? అయితే ఈ రెండో చెయ్యి మీరు చేసుకోండి."

స్విచ్చి కట్టేసి చెప్పులేసుకుంది. వెనకనుంచి అత్తగారు కేకేసింది. "ఎక్కడికే? పొయ్యి మీద పాలున్నాయి, ఎవరు చూస్తారు?"

"మీరున్నారుగా అత్తయ్యా."

బస్సు కంటే బండి ముందు చేరుతుంది. ఆమె వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు. చొక్కా ఒక చెయ్యి గీత గీసినట్టుంది, ఒక చెయ్యి నమిలి ఊసినట్టుంది.

"ఏంటమ్మా, సార్‌కి ఏమన్నా తెచ్చారా?" అన్నాడు చైర్మన్.

"ఆయన పని మీద రాలేదండీ. నా పని మీద వచ్చాను."

మొగుడు పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. వెళ్ళు."

ఆమె వెళ్ళలేదు, కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది.

"ఇంటి సంగతి ఇంట్లో చూద్దాం. ఈ కుర్చీ నాది. లేవండి."

ఆయన చైర్మన్ వంక చూశాడు. చైర్మన్ ఫ్యాను వంక చూశాడు. ఆమె కదల్లేదు. చివరికి ఆయన లేచాడు, మొదటి రోజు ఆమె ఆనుకున్న గోడ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు.

కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. కూర్చుని మైకు దగ్గరికి లాక్కుంది.

"పోయినసారి నేనన్నానని రాసుకున్న మాట కొట్టేయండి. నేనింతవరకూ ఇక్కడ నోరే తెరవలేదు. ఇప్పుడు తెరుస్తున్నాను."