మూడో గేరులో కూత

చింతామణిలో మురుగమల్ల రోడ్డు మొదట్లో గంగాధరప్ప షెడ్డు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బెంగళూరు మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకుని వచ్చినవాడు. ఇంజను పని చాలామందికి వచ్చు; గేర్ బాక్సు జబ్బు కనుక్కోవాలంటే మాత్రం బాగేపల్లి నుంచి కూడా లారీలు అతని దగ్గరికే వచ్చేవి. పొడుగాటి ఇనప కడ్డీ ఒక కొన బాక్సు మీద ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు తెరిచేసరికి ఏ బేరింగు పోయిందో, ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు ఆ చెవులు అతన్ని మోసం చేయడం మొదలుపెట్టాయి. ముందు పోయినవి సన్న సద్దులు. పిచ్చుకల అరుపు పోయింది. బస్సు కండక్టరు విజిల్ పోయింది. లారీ హారన్, సుత్తి దెబ్బ వినపడేవి గనుక తనకేమీ కాలేదని కొన్నాళ్ళు తనకు తానే చెప్పుకున్నాడు.

సంగతి మొదట పసిగట్టింది భార్య మునివెంకటమ్మ. బెంగళూరు పోయి డాక్టరుకు చూపించుకోమని బతిమాలింది. చెవుడని నలుగురికీ తెలిస్తే షెడ్డుకు ఒక్క బండీ రాదన్నాడు. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం సంగటి తెచ్చి, తిరిగి ఇంటికి పోకుండా షెడ్డులోనే కూర్చోవడం అలవాటు చేసుకుంది. వచ్చినవాళ్ళు చెప్పిన మాటనే తనకు అర్థం కానట్టు గట్టిగా మళ్ళీ అడిగేది. ఆ విధంగా అతని గుట్టు కొన్నాళ్ళు నిలిచింది.

ఆమె చెల్లెలి కాన్పుకని తొండేభావి పోయిన వారంలో నంజప్ప వచ్చాడు.

నంజప్ప బాగేపల్లి శనక్కాయల వ్యాపారి వెంకటరాయప్ప దగ్గర డ్రైవరు. మిలిటరీ రోజుల్లో గంగాధరప్పతో ఒకే బారక్‌లో పడుకున్నవాడు, అతనికున్న ఒకే ఒక్క స్నేహితుడు. బాక్సులో ఏదో కూస్తోందనీ, బరువేసి మూడో గేరులో మిట్ట ఎక్కేటప్పుడు మరీ ఎక్కువగా ఉందనీ చెప్పాడు. ఇద్దరూ లారీ ఎక్కి మురుగమల్ల దాకా పోయి వచ్చారు. గంగాధరప్ప కడ్డీ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అరికాళ్ళకు బండి అదురు తెలిసింది. చెవికి ఏమీ తెలియలేదు. బావిలోకి చెవి పెట్టినట్టుంది.

నంజప్ప అతని ముఖంలోకి చూశాడు. "వినపడ్తాండాదా?"

"వినపడకేమి," అన్నాడు గంగాధరప్ప.

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. టాపు గేరులో వేస్తే ఆ కూత తగ్గుతుందా అని. తగ్గుతుందంటే లోపల కింది షాఫ్టులో జబ్బున్నట్టు, తగ్గదంటే ముందు బేరింగు పోయినట్టు. ఆ ప్రశ్న అతని నాలుక దాకా వచ్చింది. పక్కనే కూర్చుని టాపు గేరులో వచ్చినవాడు ఆ మాట అడిగితే నంజప్ప ఏమనుకుంటాడు? అడగలేకపోయాడు.

బాక్సు దించి విప్పాడు. ముందు బేరింగు కాస్త వదులుగా ఉంది. అది చూసి ప్రాణం లేచి వచ్చినట్టయింది. కింది షాఫ్టును చేత్తో తిప్పి చూస్తే వేళ్ళకేమీ తగల్లేదు. దాన్ని ఊడదీసి చూడకుండానే ముందు బేరింగు మార్చి బాక్సు ఎక్కించాడు.

నంజప్ప ఊరి చివరిదాకా తోలి తిరిగి వచ్చాడు. దిగకుండానే, కిటికీలోంచి వంగి చెప్పాడు.

"ఇంకా కూస్తాండాది గంగాధరా. రవ్వంత తగ్గినాది గానీ పోలేదు."

గంగాధరప్పకు సగం వినపడింది. మిగతా సగం ఆ ముఖంలో కనపడింది. "కొత్త బేరింగు గదా. నాలుగు దినాలు తిరిగితే సర్దుకుంటాది," అన్నాడు, కొంచెం విసుగ్గానే.

నంజప్ప ఒకసారి గేరు కడ్డీ వైపు చూశాడు. తర్వాత సరేనని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ లారీ బాగేపల్లిలో శనక్కాయల మూటలు వేసుకుని చిక్కబళ్ళాపురం వస్తూ ఒక దిగువలో పడింది. బాక్సు ఉన్నట్టుండి పట్టేసి, వెనక చక్రాలు బిగుసుకుపోయి, బండి అడ్డం తిరిగి చేనులోకి ఒరిగిందని బస్సువాళ్ళు చింతామణికి కబురు తెచ్చారు. నంజప్పను చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చేర్చారనీ, కాలు నుజ్జయిందనీ చెప్పారు.

గంగాధరప్ప ముందు లారీ దగ్గరికే పోయాడు. చేనులో చెల్లాచెదురైన కాయల్ని కూలివాళ్ళు గోనెలకు ఎత్తుతున్నారు. అతను బండి కిందికి దూరి బాక్సు మూత విప్పాడు. ముందు బేరింగు కొత్తదనం చెడకుండా మెరుస్తోంది. కింది షాఫ్టు వెనక బేరింగు పొడిపొడి అయింది, విరిగిన పళ్ళు గేరు చక్రాల మధ్య ఇరుక్కున్నాయి. చాలాసేపు అక్కడే, నూనె కారిన మట్టిలో పడుకుని ఉండిపోయాడు. ఎవరో కాలు పట్టి లాగితే గానీ బయటికి రాలేదు.

అతను ఆసుపత్రి చేరేసరికి మునివెంకటమ్మ తొండేభావి నుంచి వచ్చి వరండాలో కూర్చుని ఉంది. నంజప్ప కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. వెంకటరాయప్ప అప్పటికే వచ్చి, డ్రైవరు అజాగ్రత్త వల్లే బండి పోయిందని పోలీసులకు చెప్పి వెళ్ళాడట.

గంగాధరప్ప మంచం పక్కన నిలబడ్డాడు, అతని వెనకే మునివెంకటమ్మ. నిలబడి చెప్పలేక కింద కూర్చున్నాడు.

"నాకు చెవులు వినపడవు నంజప్పా. ఆ పొద్దు నాకేమీ వినపడలే. అబద్ధం చెప్పినా."

నంజప్ప అతనివైపు చూశాడు. పెదాలు కదిలాయి. చాలాసేపు కదిలాయి. ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు, జ్వరం మాత్రం ఉంది. నీరసంగా అన్న ఆ మాటల్లో ఒక్కటి కూడా గంగాధరప్పకు అందలేదు. మళ్ళీ చెప్పమని అడిగే ముఖం అతనికి లేదు. తల ఊపి బయటికి వచ్చాడు.

వెనకే వరండాలోకి వచ్చిన భార్యను, నంజప్ప ఏమన్నాడని అడిగాడు. ఆమె చెప్పనంది. అతను చెయ్యి పట్టుకుని వదలలేదు. అప్పుడు అతని చెవికి నోరు ఆనించి, వచ్చీపోయేవాళ్ళంతా తిరిగి చూస్తుంటే, గట్టిగా చెప్పింది.

"సద్దు పోలేదని ఆయప్పకు తెలుసంట. బెంగళూరుకు తోలుకోని పోదామనుకున్న్యాడంట. నువ్వు చేసిన పనిని ఇంకొకరికి చూపిస్తే నీ మనసు నొచ్చుకుంటాదని ఊరకుండినాడంట."

"ఇంకేమన్న్యాడు?"

"ఇంకేమీ అనలే. గోడ పక్కకు తిరిగి పండుకున్న్యాడు."

గంగాధరప్ప బాగేపల్లి పోయి వెంకటరాయప్పతో తప్పు తనదేనని చెప్పాడు. స్నేహితుణ్ణి కాపాడటానికి చెవుడు నటిస్తున్నాడనుకుని వెంకటరాయప్ప ఆ మాట నమ్మలేదు. ఊళ్ళో వాళ్ళు మాత్రం నమ్మారు. షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది. పనిముట్లు ఒక్కొక్కటే అమ్మేసి, చింతపండు మండీలో మూటలెత్తే పనికి కుదిరాడు. అక్కడ చెవులతో పని లేదు.

నంజప్ప లైసెన్సు పోయింది. నాగరగెరెలో ఉన్న కూతురింటికి చేరాడని తెలిసింది. ఒకసారి గంగాధరప్ప భార్యకు కూడా చెప్పకుండా నాగరగెరె బస్సెక్కాడు. దిగి, ఎదురైన మనిషిని నంజప్ప ఇల్లు యాడ అని అడగబోయాడు. అతను చెప్పే జవాబు తనకు వినపడదు. ఇల్లు దొరికినా, అక్కడ నంజప్ప ఏమన్నా వినపడదు. ఆ మనిషి తన దారిన తాను పోయాడు. గంగాధరప్ప అదే బస్సు తిరిగి వచ్చేదాకా రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని, చింతామణి వచ్చేశాడు.